జనరల్ గారి ఎడమ మడమ

ఆ మ్యూజియంలో మనుషుల్ని పేర్లతో పిలవరు, గదులతో పిలుస్తారు. నాణేల గది చూసుకునే ఆవిడ రెండో గదావిడ. మేడమీద చిత్రపటాల దగ్గర నిలబడే పొడుగాటాయన అయిదో గది. టీ తాగే వేళకి ఎవరైనా "మూడో గది ఇంకా రాలేదేం?" అంటే కొత్తగా చేరినవాళ్ళు గోడలవైపు చూస్తారు. మూడో గదంటే జనరల్ గారి సామాన్లుండే గది. దానికి పందొమ్మిదేళ్ళుగా అటెండరుగా ఉన్న మనిషి కూడాను. ఈ పిలుపు సంగతి తెలిసిన దగ్గర్నించీ వాళ్ళావిడకి ఒకటే నవ్వు. "మనింట్లో ఉన్నవి రెండు గదులే కదా, మూడోది ఎక్కడుందా అనుకున్నాను. ఇన్నాళ్ళూ నా పక్కనే పడుకుని గురకపెడుతోందన్నమాట" అంటుంది, వచ్చిన చుట్టాలందరితోనూ.

మూడో గది, అంటే గోడలున్నది, కిటికీ నుంచి గుమ్మం దాకా ఇరవై అయిదు అడుగులుంటుంది. ఈ లెక్క ఆయనకి ఎంత ఖచ్చితంగా తెలుసో ముందు ముందు మీకే అర్థమవుతుంది. అద్దాల బీరువాల్లో జనరల్ గారి కత్తి, దుర్భిణి, మడత మంచం, గడ్డం గీసుకునే మగ్గు, ఒక కాడ విరిగిన కళ్ళజోడు, కోటు, మోకాళ్ళదాకా వచ్చే నల్లటి బూట్లు ఉంటాయి. వచ్చినవాళ్ళంతా నేరుగా కత్తి దగ్గరికి పోతారు. మగ్గు చూసి "ఈయన కూడా మనలాగే గీసుకునేవాడన్నమాట" అనుకుని కాస్త నిరుత్సాహపడతారు. బూట్ల దగ్గర ఎవరూ ఆగరు. ఆయన్ని అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే, బాత్రూం ఎటువైపని. ఆయన కత్తి గురించి చెప్పేటప్పుడు ఎంత నిటారుగా నిలబడతాడో, దీనికి జవాబిచ్చేటప్పుడూ అంతే నిటారుగా నిలబడి చేయి చాచి చూపిస్తాడు.

నిటారుగా అన్నాను గానీ, అది నిలబడినప్పటి మాట. నడిస్తే మాత్రం ఎడమవైపుకి ఒక్క పిసరు ఒరుగుతాడు. అది పుట్టుకతో వచ్చింది కాదు. మ్యూజియంలో చేరకముందు పదేళ్ళు బట్టల గోదాములో పనిచేశాడు. తాన్లు మోసేది ఎడమ భుజం మీదే, ఎందుకంటే కుడిచేత్తో చీటీ పట్టుకోవాలి కదా. పదేళ్ళు మోశాక గోదాము మూతపడింది, తాన్లు ఎటో పోయాయి, బరువు మాత్రం భుజం మీదే ఉండిపోయింది. ఆయన చెప్పులు ఎప్పుడూ ఎడమ మడమ బయటి అంచునే అరుగుతాయి. వీధి చివర చెప్పులు కుట్టే అతను ఆయన్ని చూడగానే ఎడమ చెప్పుకి చెయ్యి చాస్తాడు, కుడిదాని ఊసే ఎత్తడు.

ఉద్యోగంలో చేరిన మొదటివారం అప్పటి సూపరింటెండెంటు ఆయన చేతిలో ఒక అట్టపుస్తకం పెట్టాడు. ఏ వస్తువుని ఎలా చూసుకోవాలో ఆ పెద్దమనిషి స్వహస్తాలతో, గొలుసుకట్టు రాతలో రాసిపెట్టాడందులో. అక్షరాలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నడుస్తున్నట్టుంటాయి. "సందేహాలుంటే అడుగు" అన్నాడు గానీ, వారం తిరక్కుండానే ఆ పెద్దమనిషి పదవీ విరమణ చేసి కూతురి ఊరికి వెళ్ళిపోయాడు. ఇక ఎవర్నడగాలి? మూడో గదాయన వేలు పెట్టుకుని ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చదివాడు. పద్నాలుగో వస్తువు దగ్గర ఇలా ఉంది: నిత్యము మెత్తని గుడ్డతో తుడువవలెను. తోలు ఎండిన పగులును. నెలకొకసారి నూనె పట్టించి వాడుక ఉంచవలెను.

వాడుక ఉంచవలెను. ఆయన రెండుసార్లు చదివాడు. ఆలోచిస్తే సబబుగానే తోచింది. గోదాములో మూటలు కట్టే తోలు పట్టీలు వాడినన్నాళ్ళూ మెత్తగా ఉండేవి. మూల పడేస్తే నెల తిరిగేసరికి అప్పడంలా విరిగేవి. పెద్దాయన తెలిసే రాశాడనుకున్నాడు. రాసింది చెయ్యడమే ఉద్యోగమనీ అనుకున్నాడు.

సోమవారం మ్యూజియంకి సెలవు. సెలవంటే చూసేవాళ్ళకి. తుడిచేవాళ్ళకి అసలు పని ఆ రోజే. ఆ మొదటి సోమవారం ఆయన గది తుడిచి, అద్దాలు తుడిచి, కాళ్ళు కడుక్కుని, ఇంటి నుంచి తెచ్చుకున్న కొత్త మేజోళ్ళు తొడుక్కుని, జనరల్ గారి బూట్లలోకి ముందు కుడికాలూ తర్వాత ఎడమకాలూ పెట్టాడు. కిటికీ నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి కిటికీకి, మళ్ళీ అటూ ఇటూ. సరిగ్గా వంద అడుగులు. విప్పి, తుడిచి, బీరువాలో పెట్టి, తాళం వేశాడు. వచ్చే సోమవారం మళ్ళీ. ఆ పై సోమవారం మళ్ళీ.

ఇందులో దాపరికం ఏమీ లేదు. ఎవరైనా అడిగితే చెప్పేవాడే. అయితే ఎవరూ అడగలేదు, ఆయనా తనంతట తాను చెప్పలేదు. చెప్పకపోవడానికి ఒక చిన్న కారణం ఉందని ఆయనకీ తెలుసు. మొదటి ఏడాది అది ఉద్యోగం. రెండో ఏడాది నుంచి కాస్త సరదా. వంద అడుగుల్లో ఆఖరి ఇరవై అయిదూ నడిచేటప్పుడు బీరువా అద్దంలో తన నీడ కనబడేది. బూట్లు మోకాళ్ళదాకా ఉంటే మనిషి ఎవరైనా సరే కాస్త గడ్డం ఎత్తుతాడు. ఒకసారి చేతులు వెనక్కి కట్టుకుని నడిచి, గుమ్మం దగ్గర ఆగి, ఎదురుగా లేని సైన్యాన్ని చూసి తల పంకించాడు కూడా. వెంటనే నాలుక కరుచుకుని చుట్టూ చూశాడు. మగ్గు, కళ్ళజోడు తప్ప సాక్షులెవరూ లేరు.

పందొమ్మిదేళ్ళు అలా గడిచాయి. బూట్ల తోలు మాత్రం, చెప్పకూడదుగానీ, నిన్న కొన్నట్టుండేది. తనిఖీకొచ్చిన పెద్దలు రెండుసార్లు మెచ్చుకుని రాశారు.

ఆయన పదవీ విరమణకి ఇంకా పదకొండు నెలలుందనగా ఒక గురువారం పొద్దున భూతద్దం అమ్మాయి వచ్చింది. పరిశోధకురాలు, ముప్ఫై దాటిన మనిషి. మెడలో తాళ్ళకి రెండు భూతద్దాలు వేలాడదీసుకు తిరుగుతుంది కాబట్టి రెండో గదావిడ ఆ పేరు పెట్టేసింది. ఆ అమ్మాయి జనరల్ గారి మీద రెండేళ్ళుగా పనిచేస్తోంది. ఆమె పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. వంతెన దగ్గర జరిగిన యుద్ధంలో జనరల్ గారు స్వయంగా ముందు నిలబడి పోరాడారా, లేక ఆ రోజు జ్వరమొచ్చి డేరాలో పడుకున్నారా? పోరాడారనేవాళ్ళు ఎడమకాలికి గాయమైందంటారు. జ్వరం పక్షంవాళ్ళు ఆ గాయం చూసినవాళ్ళని చూపించమంటారు. గాయమైన మనిషి కుంటుతాడు, కుంటే మనిషి చెప్పు ఒకవైపే అరుగుతుంది, కాబట్టి బూట్ల అడుగు చూస్తే తేలిపోతుందని ఈ అమ్మాయికి తోచింది. అంతకుముందు ఎవరికీ తోచలేదు. బూట్లు ఎప్పుడూ చెక్క మీద నిలబడే ఉన్నాయి, వాటిని తిరగేసి చూసినవాళ్ళు లేరు.

మూడో గదాయనే తాళం తీశాడు. ఆ అమ్మాయి తెల్ల చేతితొడుగులు వేసుకుని, బల్ల మీద మెత్తటి దూది పరుపు పరిచి, ఎడమ బూటు తిరగేసి, భూతద్దం పెట్టి చూసింది. కుడిదాన్ని కూడా తిరగేసింది. తర్వాత తలెత్తి, "ఇలా రండి బాబాయ్ గారూ, చూడండి. మడమ బయటి అంచు ఎంత అరిగిపోయిందో. కుడిదానికి ఇందులో సగం కూడా లేదు. ఈయన ఎడమవైపుకి ఒరిగి నడిచేవారు" అంది. కళ్ళు మెరుస్తున్నాయి.

బాబాయ్ గారు వంగి చూశాడు. ఆ అరుగుదల ఆయనకి ఎక్కడో బాగా తెలిసినట్టుంది. ఎక్కడా అని ఆలోచిస్తుండగా కిందికి చూసుకుంటే తన కాలికే ఉంది. ఆ కాలు గబుక్కున వెనక్కి లాక్కుని, "అవునమ్మా, బాగా అరిగింది" అని మాత్రం అన్నాడు.

అరగంటలో ఈ వార్త సూపరింటెండెంటు దాకా వెళ్ళింది. ఇప్పటి సూపరింటెండెంటుకి మెమో రాయనిదే టీ దిగదంటారు. అలాంటి మనిషి ఆ రోజు మెమో ఊసెత్తకుండా మెట్లు దిగివచ్చి బూటు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మంగళవారం సదస్సు పెట్టిద్దామన్నాడు. బయటినుంచి పండితులొస్తారు, ఈ అమ్మాయి నలభై నిమిషాలు మాట్లాడుతుంది, బూట్ల పక్కన కొత్త బోర్డు పెడతాం, "వీర గాయానికి సాక్ష్యం" అని. మూడో గదాయన వైపు తిరిగి, ఇంత పదిలంగా కాపాడినందుకు నీ పేరు కూడా చెప్తామయ్యా అన్నాడు. ఆ మాటతో ఆయనకి మిగిలిన కాస్త గాలీ పోయింది.

ఇక శుక్ర, శని, ఆదివారాలు ఆయన పడ్డ పాట్లు చూడాలి. ఆ అమ్మాయి రోజూ వచ్చి కొలతలు తీసుకునేది. మనుషుల నడకే ఆమె చదువు కదా, తన నడక ఎక్కడ చూస్తుందోనని ఆయనకి భయం పట్టుకుంది. మొదట తిన్నగా నడవబోయాడు. అరవై ఏళ్ళకి దగ్గరపడ్డ మనిషి నడక కొత్తగా నేర్చుకోబోతే ఎలా ఉంటుంది? కుడివైపు మరీ ఒరిగిపోయి మడత మంచం ఉన్న బీరువాకి తగిలాడు. "కాలు నొప్పా బాబాయ్ గారూ?" అని ఆమె అడిగింది. ఆ తర్వాత నడవడమే మానేశాడు. పొద్దున ఆమె రాకముందే గుమ్మం పక్కన చేరి, సాయంత్రం ఆమె వెళ్ళేదాకా అక్కడే నిలబడ్డాడు. శనివారం ఒక పెద్దావిడ ఆయన్ని తల నుంచి కాళ్ళదాకా తీరిగ్గా చూసి, పక్కనున్న మనవరాలితో "ఇది మైనంతో చేశారే, ఎంత బాగా చేశారో" అంది. ఆయన తుమ్ము ఆపుకోలేకపోయాడు. ఆవిడ గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. మంచినీళ్ళు తేవాలంటే నడవాలి. రెండో గదావిడని కేకేశాడు.

ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, తిరగేసి, గుమ్మం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళావిడ బియ్యం ఏరుతూ కాసేపు చూసి, వాటి జాతకం ఏమంటోందని అడిగింది. ఆయన మొత్తం చెప్పేశాడు. పుస్తకంలో రాసింది, సోమవారాలు, వంద అడుగులు, ఆ అమ్మాయి, కొత్త బోర్డు. ఆవిడ చేట పక్కన పెట్టేసింది.

ముందు ఆవిడకి పట్టుబడింది వేరే సంగతి. ప్రతి ఆదివారం ఉతికించుకుని, విడిగా కాగితంలో చుట్టించుకుని పట్టుకెళ్ళే ఆ నల్ల మేజోళ్ళ కథ ఇదా అంది. మ్యూజియంలో నేల చల్లగా ఉంటుందేమో అనుకుందట ఇన్నేళ్ళూ. నవ్వుతుందేమోనని ఆయన ఎదురుచూశాడు. నవ్వింది కూడా, కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా. నవ్వు అయ్యాక కళ్ళు తుడుచుకుని మామూలుగా అడిగింది, చెప్తే ఏమవుతుందని.

ఏమవుతుందో ఆయన వేళ్ళు మడిచి చెప్పాడు. మ్యూజియం వస్తువు వాడుకున్నాడంటారు. పందొమ్మిదేళ్ళలో మెచ్చుకుని రాసినవన్నీ కొట్టేస్తారు. తాళంచెవి లాగేసుకుంటారు. మిగిలిన పదకొండు నెలలూ గేటు దగ్గర గొడుగులు తీసుకుని బిళ్ళలిచ్చే పనిలో వేస్తారు. ఆ గది తప్ప తనకింకేం తెలుసు? చెప్పకపోతే ఏమీ కాదు. జనరల్ గారికి ఒక గాయం వస్తుంది, అంతే. ఆయనకి నష్టం లేదు, పైగా గౌరవమే.

"ఆయన సంగతి నాకు తెలీదు. ఆ పిల్ల ఎల్లుండి పదిమందిలో నిలబడి నలభై నిమిషాలు మీ కాలి గురించి చెప్తుంది. ఆ పిల్లకి తెలీదు. మీకు తెలుసు" అంది ఆవిడ. మళ్ళీ చేట అందుకుంది.

సోమవారం పొద్దున ఆయన అట్టపుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళాడు. దారంతా ధైర్యం చెప్పుకున్నాడు. తప్పు నాది కాదు, పుస్తకంలో ఉంది, పెద్దవాళ్ళు రాసినట్టు చేశాను, అదే చూపిస్తాను అనుకున్నాడు. కాగితం మీద రాసి ఉన్నదానికి ఎవరు మాత్రం ఏమంటారు?

భూతద్దం అమ్మాయి అప్పటికే వచ్చి బూట్లకి ఫొటోలు తీస్తోంది. దీపం కాస్త పట్టుకోమంది. ఆయన దీపం పట్టుకోలేదు. పుస్తకం విప్పి, పద్నాలుగో వస్తువు మీద వేలు పెట్టి, "ఇదొక్కసారి చదవండమ్మా" అన్నాడు.

ఆమె పాత రాతలు చదవడంలో చెయ్యి తిరిగిన మనిషి. కూడబలుక్కోవాల్సిన పని లేకుండా గడగడా చదివేసింది. "నిత్యము మెత్తని గుడ్డతో తుడువవలెను. తోలు ఎండిన పగులును. నెలకొకసారి నూనె పట్టించి వాడక ఉంచవలెను. సరిగ్గానే చెప్పారు కదా బాబాయ్ గారూ. నూనె రాయాలి, వాడకుండా ఉంచాలి."

"వాడుక కదమ్మా?"

"కాదండీ, వాడక."

"డ పక్కన కొమ్ముందమ్మా."

ఆమె మెడలోంచి ఒక భూతద్దం తీసి ఆయన చేతికిచ్చింది. "అది కొమ్ము కాదు. పై వరుసలో నిత్యము అని ఉంది చూడండి. ఆ య వొత్తు తోక అంత పొడుగ్గా లాగారు. కిందికి దిగి డ పక్కన పడింది. సిరా రంగు కూడా వేరు, చూడండి. డ రాసేసరికి కలం మళ్ళీ ముంచారు."

ఆయన చూశాడు. తోక తోకలాగే ఉంది. పందొమ్మిదేళ్ళుగా కొమ్మనుకున్నది నిత్యము నుంచి వేలాడుతోంది. దారంతా కూడగట్టుకొచ్చిన ధైర్యం ఆ తోక పట్టుకుని జారిపోయింది. తప్పు పుస్తకంలో లేదు. పెద్దాయన రాసింది సరిగ్గానే రాశాడు. ఇప్పుడు పుస్తకం మూసేసి, "ఊరికే అడిగానమ్మా" అని దీపం పట్టుకుంటే సరిపోతుంది. ఆమె కెమెరా వైపు తిరిగింది కూడా.

ఆయన భూతద్దం బల్ల మీద పెట్టి, "ఆ మడమ నాదమ్మా" అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. ఆయన చేతులు కట్టుకుని కిటికీ దాకా నడిచాడు. మామూలుగా, తనకొచ్చినట్టు. తిరిగి గుమ్మం దాకా వచ్చాడు. మళ్ళీ కిటికీకి. మూడో చుట్టులో ఆమె చెయ్యెత్తి ఆపింది. ఆయన చెప్పు అడిగి తీసుకుని, తిరగేసి, బూటు పక్కన పెట్టింది. రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి.

అప్పుడు ఆయన కూర్చునే పీట మీద ఆమె కూర్చుంది. ఆయన ఒంటి చెప్పుతో నిలబడి సోమవారాల సంగతంతా చెప్పాడు. ఆమె వేళ్ళ మీద లెక్క కట్టి, వారానికి వంద, పందొమ్మిదేళ్ళు, దాదాపు లక్ష అడుగులు అంది. రాతి నేల. సన్నటి తోలు. తర్వాత కెమెరాకి మూత పెట్టేసింది. ఆయన తిట్లకి సిద్ధపడ్డాడు, అవి వస్తేనే బాగుండుననిపించింది.

"రెండేళ్ళు బాబాయ్ గారూ" అంది చివరికి, మెల్లగా.

ఆయన తలొంచుకున్నాడు. ఏదైనా సాయం చెయ్యాలని ఉంది, చెయ్యడానికి ఏముంది? ఉన్నది ఒక్కటే, ఆ బూట్లని లోపల్నించి ఎరిగినవాడు భూమ్మీద తనొక్కడే. అందుకని ఆమె అడక్కుండానే, నీళ్ళు నములుతూ, అవి తన కాలికి పెద్దవేననీ, అయినా ముందువైపు ఏదో మెత్తగా అడ్డుండేది కాబట్టి కాలు జారేది కాదనీ, రెండు బూట్లలోనూ అంతేననీ చెప్పాడు. మ్యూజియంవాళ్ళు కుక్కిన దూదేమో అనుకుని ఎన్నడూ కదపలేదన్నాడు.

ఆమె తలెత్తింది. చిన్న టార్చి, సన్నటి పట్టకారు తీసింది. ఎడమ బూటు ముక్కులోంచి పావుగంట తంటాలుపడి మడతలు పెట్టిన బట్ట ఉండ ఒకటి బయటికి లాగింది. నల్లగా, రాయిలా గట్టిపడి, ఒకవైపు అయిదు వేళ్ళ గుంటలతో. మూడో గదాయన మ్యూజియం పద్ధతులన్నీ మర్చిపోయి, గోదాము మనిషిలా వంగి, మడత లోపల మాయని చోట చూశాడు. నీలం మీద సన్నటి బూడిదరంగు చార.

"ఈ గుడ్డ నాకు తెలుసమ్మా" అన్నాడు.

కోటున్న బీరువా తెరిచి, కోటు లోపలి అస్తరు చూపించాడు. అదే నీలం, అదే చార. వీపు దగ్గర రెండు అరచేతులంత మేర కత్తిరించి ఉంది. ఎలుకలు కొట్టాయని అందరూ అనుకునేవారు. ఎలుకలు అంత తిన్నగా కత్తిరించవు. ఎవరికీ కనబడని చోట, ఎవరికీ చెప్పుకోలేక, కత్తెర పట్టుకుని తానే కత్తిరించుకున్న పని అది. పటాల్లో కొండలా నిలబడే జనరల్ గారివి చిన్న పాదాలు. పెద్ద బూట్లు కుట్టించుకుని, వాటిలో తన కోటు అస్తరే కుక్కుకుని, సైన్యం ముందు నడిచారు.

ఒకరి సామాన్ల గదిలోకి అడక్కుండా వచ్చినట్టనిపించింది మూడో గదాయనకి. ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"ఇది బోర్డు మీద రాయాలా అమ్మా?"

"మీ సంగతి రాయమంటారా, ఆయన సంగతి రాయమంటారా?" అంది ఆమె. అంత విచారంలోనూ పెదవి చివర కొంచెం కదిలింది.

ఆయన నిజంగానే ఆలోచించాడు. ఒకవైపు తనకి గేటు, గొడుగులు, పదిమంది నవ్వులు. ఇంకోవైపు తన పేరు తాను నిలబెట్టుకోవడానికి ఇక్కడ లేని మనిషి.

"నాదే రాయండి" అన్నాడు.

ఆమె ఆయనవైపు చూసి, రెండూ రాస్తానంది. రాయకుండా ఉండడం తన చేతుల్లో లేదంది. కానీ నవ్వొచ్చేలా రాయనని మాటిచ్చింది, ఇద్దరి గురించీ.

తర్వాత జరగవలసినవి జరిగాయి. సూపరింటెండెంటుకి చెప్పినప్పుడు ఆయన ముఖం ముందు తెల్లబడి, తర్వాత ఎర్రబడి, చివరికి మెమో రంగుకి వచ్చి ఆగింది. తాళంచెవి బల్ల మీద పెట్టించుకున్నాడు. సదస్సు రద్దు చేద్దామంటే పండితులు అప్పటికే బయల్దేరారు. మంగళవారం ఆ అమ్మాయి నలభై నిమిషాలకి బదులు పన్నెండు నిమిషాలు మాట్లాడింది. గాయం గురించి తనకి ఏమీ తెలియదని చెప్పింది. మడమ ఎవరిదో చెప్పింది, ఎందుకరిగిందో చెప్పింది, య వొత్తు తోకని తెరమీద పెద్దది చేసి చూపించింది. జ్వరం పక్షంవాళ్ళు గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ గుడ్డ ఉండ చూపించాక రెండు పక్షాలవాళ్ళూ కాసేపు తమ తమ కాళ్ళవైపు చూసుకున్నారట. మూడో గదాయన హాలు చివర తలుపు పక్కన నిలబడి విన్నాడు. ఎవరో వెనక్కి తిరిగి ఆయన్ని చూసి నవ్వారు. ఆయనకి చెవులు వేడెక్కాయి గానీ అక్కణ్ణించి కదల్లేదు.

ఆయన్ని గేటు దగ్గరికి మార్చాలని సూపరింటెండెంటు కాగితం సిద్ధం చేశాడు. దానికి ఆ అమ్మాయి అడ్డుపడింది. లక్ష అడుగులు తీసేస్తేగానీ జనరల్ గారి అడుగులు ఎన్నో, ఎలాంటివో తేలదు. తీసెయ్యాలంటే ఏవి ఎవరివో తెలియాలి. అందుకు ఈయన నడక కొలవాలి, పాదం గీసుకోవాలి, ఏ బూటు ఎక్కడ పట్టేదో, ఎక్కడ వదులో అడిగి రాసుకోవాలి. నెల్లాళ్ళకి తక్కువ కాదు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఈ పని గేటు దగ్గర కుదరదంది. సూపరింటెండెంటు చాలాసేపు కలం మూత పెట్టాడు, తీశాడు. చివరికి మనిషి మూడో గదిలోనే ఉండొచ్చు, తాళంచెవి మాత్రం రెండో గదావిడ దగ్గరుంటుంది, ఏ వస్తువునీ ముట్టుకోరాదు అని తిరిగి రాశాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టించుకోవడానికి బుధవారం తానే గదిలోకి వచ్చాడు.

అప్పటికి మూడో గదాయన పీట మీద కూర్చుని, ఎడమకాలు నేలమీద పరిచిన తెల్ల కాగితం మీద పెట్టి ఉన్నాడు. పొద్దున వాళ్ళావిడ ఇటుకరాయి ముక్కతో రుద్ది రుద్ది పంపించిన కాలు. ఆ అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని పెన్సిలుతో పాదం చుట్టూ గీత గీస్తోంది. బొటనవేలు దాటింది, నాలుగు వేళ్ళూ దాటింది, బయటి అంచు వెంబడి వచ్చి, అరిగిన మడమ చుట్టూ జాగ్రత్తగా తిరిగింది. సూపరింటెండెంటు కాగితం అట్టమీద పెట్టి, కలం చేతికిచ్చి, మెమోలోని మాటలు ఒక్కొక్కటే గంభీరంగా చదవడం మొదలుపెట్టాడు. నిర్లక్ష్యము, బాధ్యతారాహిత్యము, ఇకముందు పునరావృతమైనచో. మూడో గదాయన తలొంచుకుని అన్నింటికీ చిత్తమంటున్నాడు. సరిగ్గా సంతకం పెట్టబోతుండగా పెన్సిలు అరికాలి వంపులోకి వచ్చింది.

ఆయన పళ్ళు బిగించాడు. ఊపిరి బిగించాడు. లాభం లేకపోయింది. భుజాలు కదిలాయి, తర్వాత బొజ్జ కదిలింది.

"నవ్వకండి బాబాయ్ గారూ, గీత వంకరపోతుంది" అంది ఆమె, తల ఎత్తకుండా.

గీత తిన్నగానే వచ్చింది. సంతకమే వంకరపోయింది. సూపరింటెండెంటు దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, ఇదేం సంతకమయ్యా, ఇందులో కొమ్మేది, వొత్తేది అని అడిగాడు.